క్రమశిక్షణ ఒక్కటే చాలదు, పెన్షన్ కూడా ఉండాలి
కార్గిల్ యుద్ధంలో పనిచేసి వచ్చి అనంతపురం పల్లెలో చీనీ (బత్తాయి) తోట వేసిన మాజీ సైనికుడికి మిలిటరీ క్రమశిక్షణే విజయం తెచ్చిందని మీ కథనంలో రాశారు. సగం ఒప్పుకుంటాను. మా చిన్నాయన కూడా ఆర్మీ నుంచి వచ్చి చీనీ పెట్టినవాడే. పూత కోసం నవంబరు, డిసెంబరుల్లో చెట్టుకు నీళ్లు ఆపి బెట్టకు వదిలేసినప్పుడు ఆకు వడలి ముడుచుకుంటుంటే, మా ఇంట్లో అందరికీ టెన్షన్. ఒక్క తడి ఇవ్వమని చిన్నమ్మ పోరేది. ఆయన మాత్రం మోటారు గది తాళం జేబులో వేసుకుని తిరిగేవాడు. అది క్రమశిక్షణే, కాదనను. కానీ చీనీ కాపు పట్టేసరికి నాలుగైదేళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఇల్లు గడిచింది నెలనెలా పడే పెన్షన్‌తో. ఏటా 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే జిల్లాలో, వేరుశనగ మీదే బతికే పక్క చేను రైతు అంతకాలం ఎట్లా ఆగుతాడు? ఆయనకేమైనా క్రమశిక్షణ తక్కువా? బోరు ఎండిన ఏడాది మా చిన్నాయన ట్యాంకర్లతో నీళ్లు తోలి చెట్లను కాపాడుకున్నాడు. చీనీ పెట్టిన ఇంకో రైతు చెట్లు కొట్టేసి కట్టెలకు అమ్ముకున్నాడు. ఇక మార్కెట్లో టన్నుకు ఇంతని సూటు (తూకంలో తరుగు) కోసేటప్పుడు మాజీ సైనికుడని ఎవరూ వదల్లేదు లెండి. ఈసారి అలాంటి తోట గురించి రాసేటప్పుడు మొదటి ఐదేళ్లూ ఖర్చులకు డబ్బు ఎక్కడిదో కూడా అడిగి రాయండి.