ముందు వాగులు గీయండి, ఆ తర్వాతే రోడ్డు

రింగు రోడ్డు అంటే ఊరిని చుట్టి, బయలుదేరిన చోటికే మళ్లీ తెచ్చి దించాలి. ఆ లెక్కన వరంగల్‌కు ఇంతవరకు రింగు రోడ్డు లేదు. ముక్కలు ఉన్నాయి. హైదరాబాద్ నుంచి వచ్చే 163వ నంబరు జాతీయ రహదారి కరుణాపురం దగ్గర పక్కకు మళ్లి, ఉనికిచర్ల, దేవన్నపేట, హసన్‌పర్తి మీదుగా వెళ్లి ఆరెపల్లి దగ్గర ములుగు దారిలో కలుస్తుంది. అవుటర్ రింగు రోడ్డులో అది ఒక ముక్క. పటంలో చూస్తే నగరం నెత్తిన పెట్టిన కొడవలిలా ఉంటుంది. దక్షిణాన ఉండాల్సిన మిగతా సగం ఏళ్ల తరబడి కాగితాల్లోనే నలిగింది. ఊరి లోపల నాయుడు పెట్రోలు పంపు కూడలి నుంచి మొదలయ్యే ఇన్నర్ రింగు రోడ్డు ఇంకో ముక్క. దాని భూసేకరణకు 2024 నవంబరులో ప్రభుత్వం 80 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అదే నెలలో 2041 మాస్టర్ ప్లాన్‌కూ ఆమోదముద్ర పడింది.

అంతకుముందు ఈ నగరానికి దిక్కు 1970ల తొలినాళ్ల ప్లానే. ఆ పటం గీసిన ఏడాది పుట్టినవారు ఇప్పుడు మనవలను ఎత్తుకుంటున్నారు. ఈలోగా 1980ల మొదట్లో కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే మనం పిలుచుకునే ‘కుడా’, ఏర్పడింది. పురపాలక సంఘం 1994లో నగరపాలక సంస్థ అయింది. చుట్టుపక్కల 42 గ్రామాలను కలుపుకొని, 2015లో గ్రేటర్ అనే బిరుదు తగిలించుకొని, 400 చదరపు కిలోమీటర్లకు పైగా పరచుకుంది. జిల్లాను విడదీశారు, విడదీసిన వాటికి మళ్లీ పేర్లు మార్చారు. కొత్త పటం రావడానికి ఇన్నేళ్లు పట్టింది. వెంచర్లు వేసేవారు దాని కోసం ఆగలేదు, వారిని ఆగమన్నవారూ లేరు.

ఎట్టకేలకు పటం చేతికొచ్చింది కాబట్టి, రోడ్డు పనులకు పలుగు దిగకముందే ఒక మాట గట్టిగా చెప్పదలిచాం. రింగు రోడ్డు గీతను ఖరారు చేయాల్సింది భూముల ధరలు కాదు, నీళ్ల దారులు. ఈ మాట అనడానికి మాకు ఆధారం ఈ ఊరి చరిత్రే.

వలయాలు గీయడం ఓరుగల్లుకు కొత్త విద్య కాదు. హనుమకొండ నుంచి రాజధానిని మార్చదలచి గణపతిదేవుడు మొదలుపెట్టిన కోటను రుద్రమదేవి పూర్తిచేసింది. నడుమ స్వయంభూ దేవాలయం, దానికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు, అక్కడి నుంచి నాలుగు వాకిళ్లకు నాలుగు దారులు. చుట్టూ 45 బురుజుల రాతికోట, దాని వ్యాసం సుమారు 1.2 కిలోమీటర్లు. దానికి అవతల అంతకు రెట్టింపు వ్యాసంతో మట్టికోట. రెంటికీ అగడ్తలున్నాయి. ఏడు ప్రాకారాలని జనశ్రుతి. కంటికి ఆనేవి ఇవే. రాతికోట వాకిలి గుండా తిన్నగా లోపలికి పోలేరు, రెండు మలుపులు తిరగాలి. శత్రువు వేగాన్ని తగ్గించడానికి అలా కట్టారు. ఇప్పుడక్కడ ఆటోలు, ట్రాక్టర్లు ఎదురెదురుగా వచ్చి ఆగిపోతుంటే, ఆ పనితనం ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా చెక్కుచెదరలేదని ఒప్పుకోవాల్సిందే.

కాకతీయుల కాలాన్ని తలచుకుని మురిసిపోయే అలవాటు మనకు కాస్త ఎక్కువ. ఆ గోడలు రాజు రక్షణ కోసం కట్టినవి, ఊరి సౌఖ్యం కోసం కాదు. ఆ రక్షణ కూడా 1323లో ఢిల్లీ సేనల ముందు నిలవలేదు. కానీ ఒక విషయంలో వారి చూపు మనకంటే నిశితం. ఊరు నిలబెట్టడమంటే గుడితోపాటు చెరువు కట్టడమని వారికి తెలుసు. పాకాల, రామప్ప, లక్నవరం వంటి మహా తటాకాల సంగతి అటుంచి, ఊరి వెంబడే ఒక చెరువు మత్తడి దూకితే దిగువ చెరువు నిండేలా గొలుసుకట్టు చెరువులు ఏర్పడ్డాయి. మట్టికోటకూ రాతికోటకూ మధ్య నేలలో ఈనాటికీ పొలాలు పండుతున్నాయి. అగడ్తలో నీరు నిలుస్తోంది. వలయం గీసినవారు నీరు ఎటు పోతుందో చూసుకున్నారు.

ఆ గుండ్రటి ఊరిని పొడుగ్గా సాగదీసింది రైలు. నిజాం రైల్వే 1886లో వరంగల్ చేరింది, మరో మూడేళ్లకు బెజవాడ దాకా వెళ్లింది. కాజీపేట నుంచి బల్హార్షా దారి కూడా తెరుచుకున్నాక అక్కడ జంక్షన్ చుట్టూ ఒక ఊరే వెలసింది. 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది, కార్మికుల కోసం కాలనీలు వచ్చాయి. 1959లో ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాల, వైద్య కళాశాల; 1976లో విశ్వవిద్యాలయం. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడూ ఒకే రోడ్డుకు దండలా గుచ్చుకున్నాయి. మిరప, పత్తి లారీలు ఎనుమాముల మార్కెట్‌కు, రోగులు ఎంజీఎం ఆసుపత్రికి, విద్యార్థులు కళాశాలలకు, అందరూ ఆ రోడ్డునే పట్టుకుని పోవాలి. పక్కదారి పడదామంటే ఒకవైపు పట్టాలు, మరోవైపు గుట్టలు, ఇంకోవైపు భద్రకాళి చెరువు. కాబట్టి చుట్టుదారి అక్కర్లేదని ఎవరూ అనలేరు. మేమూ అనడం లేదు. గీసుకొండ, సంగెం వైపు మెగా టెక్స్‌టైల్ పార్కు వచ్చాక, మామునూరు విమానాశ్రయానికి కేంద్రం పచ్చజెండా ఊపాక ఆ అవసరం ఇంకా పెరిగింది.

పేచీ అంతా ఆ దారి ఏ నేల మీదుగా, ఎవరి లెక్క ప్రకారం వెళ్తుందన్న దగ్గరే.

2022లో ఏం జరిగిందో రైతులు మరిచిపోలేదు. అవుటర్ రింగు రోడ్డు పరిసరాల్లో భూసమీకరణ (ల్యాండ్ పూలింగ్) పేరుతో 27 గ్రామాల్లో 21,510 ఎకరాలకు ప్రకటన వెలువడింది. ఒక చిన్న లెక్క వేసి చూద్దాం. రోడ్డు పొడవు సుమారు 70 కిలోమీటర్లు. వెడల్పు 100 మీటర్లు వేసుకున్నా 700 హెక్టార్లు, అంటే ఇంచుమించు 1,730 ఎకరాలు. అడిగింది దానికి పన్నెండు రెట్లు. ఆ మిగతాది రోడ్డు కోసం కాదని, రోడ్డు పక్కన వెలసే ప్లాట్ల కోసమని పట్టాదారులకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది. వారు రోడ్డెక్కారు, ప్రభుత్వం వెనక్కి తగ్గింది. భూసమీకరణ అన్నది దానంతటదే చెడ్డ పద్ధతి కాదు. అభివృద్ధి చేసిన స్థలంలో రైతుకు న్యాయమైన వాటా దక్కితే అది భూసేకరణ కంటే మేలు కూడా కావచ్చు. కానీ ముందు అడిగి తర్వాత ప్రకటన ఇవ్వడం ఒక పద్ధతి, ముందు ప్రకటన ఇచ్చి తర్వాత అడగడం ఇంకో పద్ధతి. మన కార్యాలయాలకు రెండోదే అలవాటు.

ఇక నీళ్ల సంగతి. 2020 ఆగస్టు మధ్యలో నగరం మునిగింది. నయీంనగర్ నాలా పొంగింది, హంటర్ రోడ్డు పక్క కాలనీలు చెరువులయ్యాయి. నాలాల మీద కట్టిన ఇళ్లు, దుకాణాలు తొలగిస్తామని మంత్రులు వచ్చి హామీ ఇచ్చారు. అదే నెల 31న అనధికార లేఅవుట్ల క్రమబద్ధీకరణ ఉత్తర్వు వెలువడింది. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒక చేత్తో కూల్చివేత, మరో చేత్తో క్రమబద్ధీకరణ, రెండూ ఒకే నెలలో! 2023 జులైలో మళ్లీ మునిగింది, ఆసారి భద్రకాళి చెరువు కట్టే తెగింది. 2025 అక్టోబరు చివర మొంథా తుపాను వచ్చి హనుమకొండ కాలనీల్లో పడవలు నడిపించింది. బొందివాగు ఎటు పోవాలో బొందివాగుకు తెలుసు. దాని దారిలో ఇంటి నంబర్లు ఇచ్చిన మనకే తెలియలేదు. హనుమకొండలో ఒక పేటను బాలసముద్రం అని నోరారా పిలుస్తూ ఆ పేరు ఎందుకొచ్చిందో ఆలోచించని ఊరు మనది.

1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచెత్తితే అప్పటి పాలకులు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో నగరాభివృద్ధి మండలి వచ్చింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ముందు నీటిని కట్టడి చేసి, ఆ వెంట వీధులు, ఇళ్లు, బజార్లు చక్కదిద్దారు. అది రాచరికం, ఓట్ల బెడద లేదు, దరఖాస్తు రుసుముల ఆశా లేదు. మూడు వరదలు చూసిన వరంగల్‌లో మనం రాచరికాన్ని కోరడం లేదు, కనీసం ఆ వరుస క్రమాన్ని కోరుతున్నాం.

ఎందుకంటే రింగు రోడ్డు అనేది నేలబారు దారి కాదు. పొలాల మీద మనిషెత్తుకు పైగా లేచే మట్టికట్ట. కల్వర్టులు చాలినన్ని లేకపోయినా, ఉన్నవి ఇరుకైనా అది చెరువు కట్ట పని చేస్తుంది. తేడా ఏమిటంటే చెరువు కట్టకు తూము, మత్తడి ఉంటాయి, దీనికి ఉండవు. ఎగువ ఊళ్లు మునుగుతాయి, దిగువ చెరువులు ఎండుతాయి. వరంగల్ ప్రాంతంలో కురిసిన వానలో కొంత గోదావరికి పోతుంది, కొంత ఆకేరు, మున్నేరు మీదుగా కృష్ణకు చేరుతుంది. అటువంటి నేల మీద గుండ్రంగా గీత గీస్తే ఎన్ని వాగులు, ఎన్ని ఒర్రెలు అడ్డు తగులుతాయో ఊహించండి. వానాకాలంలో ఒకసారి నడిచి చూడకుండా కంప్యూటర్ తెర మీద ఖరారు చేసే గీత కాదది.

రింగు రోడ్లను నెత్తిన పెట్టుకుని తర్వాత దించుకున్న ఊళ్లూ ఉన్నాయి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ 1957లో మొదలుపెట్టి 1971 నాటికి నగర నడిబొడ్డు చుట్టూ ఒక వలయం కట్టింది. కార్లు జోరుగా తిరిగాయి. నడిచేవారిని సొరంగాల్లోకి తోసేశారు. చివరికి నగరం మెడకు పడిన కాంక్రీటు పట్టెడ అని జనమే తిట్టుకున్నారు. 2000ల తొలినాళ్లలో అందులో ఒక భాగాన్ని వారే పడగొట్టుకున్నారు. పారిస్ పాత కోటగోడ పోయిన చోట కట్టిన చుట్టురోడ్డు 1973లో పూర్తయింది. గోడ పోయినా ఊరికీ శివారుకూ మధ్య గోడ మిగిలిందని అక్కడివారు ఈనాటికీ వాపోతుంటారు. మన అవుటర్ కింద ఎడ్లబండి, ట్రాక్టర్, బర్రెల మంద దాటే దారులు ఎన్ని, ఎక్కడెక్కడ అన్నది ఇంజినీర్లు చివరి నిమిషంలో తేల్చే చిన్న విషయం కాదు. ఇంటికీ చేనుకీ మధ్య నాలుగు కిలోమీటర్ల చుట్టు తిరిగే రైతుకు ఆ రోడ్డు కోటగోడే.

కోటగోడ అంటే మట్టికోట కూడా గుర్తొస్తుంది. కీర్తి తోరణాన్ని రాష్ట్ర చిహ్నంలో పెట్టుకున్నాం. ఆ తోరణానికి కాపలా కాసిన మట్టికోటను రోడ్ల కోసం కోశాం, దాని మీద ఇళ్లు కట్టాం, మట్టి తవ్వుకుపోయాం. రక్షిత కట్టడమని బోర్డు ఉంటుంది, బోర్డు వెనకే ఆక్రమణ ఉంటుంది. ఇన్నర్ రింగు రోడ్డు ఆ చుట్టుపక్కలకు వచ్చేసరికి అక్కడి భూమి విలువ మరింత పెరుగుతుంది, మట్టికోట మరింత కరుగుతుంది. పురావస్తు శాఖ, కుడా, నగరపాలక సంస్థ ముగ్గురూ ఒకచోట కూర్చుని మట్టికోట హద్దురాళ్లు పాతకుండా ఆ పక్క ఒక్క లేఅవుట్‌కు కూడా అనుమతి ఇవ్వకూడదు.

మిగతా అడగవలసినవి పెద్ద కోరికలేం కావు. దక్షిణ భాగపు గీత ఖరారయ్యేలోపు దాని దారిలోని ప్రతి చెరువు పూర్తిస్థాయి నీటిమట్టపు హద్దు, ప్రతి నాలా వెడల్పు, 2020, 2023, 2025 వానల్లో నీరు నిలిచిన చోట్లు ఒకే పటం మీద గీయాలి. కల్వర్టుల కొలతలు ఆ మూడు వానల లెక్క ప్రకారమే ఉండాలి. ఆ పటాన్ని సర్వే నంబర్లతో సహా తెలుగులో ప్రతి గ్రామ పంచాయతీ గోడకు అతికించాలి. అభ్యంతరాలు చెప్పేందుకు గడువు వరి కోతల సమయంలోనో, మిరప ఏరే రోజుల్లోనో పెట్టకూడదు. రైతులకు పరిహారం 2013 భూసేకరణ చట్టం ప్రకారం ముందే ముట్టాలి, రోడ్డు మీద లారీలు తిరిగాక కాదు. ఉత్తరపు బైపాస్ పక్కన ఇప్పటికే వెలసిన వెంచర్లలో శిఖం భూములు, అంటే చెరువుల లోపలి భూములు, ఎన్ని ఉన్నాయో రెవెన్యూ శాఖ ఈ వానాకాలం లోపే తేల్చి చెప్పాలి. ఆ జాబితాను ప్రకటిస్తే మా పత్రిక పూర్తిగా ప్రచురిస్తుంది, ఎన్ని పేజీలైనా సరే.