మహారాజశ్రీ యూరియా బస్తా గారి దివ్యసముఖానికి

అయ్యా,

నిన్న సాయంత్రం ఎట్టకేలకు తమరి దర్శనమైంది. పొద్దున్నే చెప్పులు వరుసలో పెట్టి చెట్టు కింద కూర్చున్నాం. మధ్యాహ్నం సర్వర్ డౌన్. అది లేచాక వేలిముద్ర పడలేదు. నారు పీకిన వేళ్లకు గీతలెక్కడ మిగులుతాయి? చివరికి ఒక్క బస్తా చేతికొచ్చింది, దానికి లింకుగా అడగని సీసా ఒకటి. బిల్లులో ఆ సీసా పేరు లేదు.

ఇవన్నీ అలవాటైపోయాయి లెండి. సంచి మీద 266 రూపాయల 50 పైసలని అచ్చేసి ఉన్నా, ఎంత ఇచ్చామో పైకి చెప్పుకుంటే మాకే సిగ్గు. 2018లో తమరు 50 కిలోల నుంచి 45కి చిక్కిపోయినప్పుడూ నోరెత్తలేదు. నా బాధ వేరే. ఇంత కష్టపడి మోసుకొస్తే, వరి తమరిని ఉన్నపళాన తినదు!

దానికి కావలసింది నత్రజని, అదీ అమ్మోనియం రూపంలో. తమరు నీళ్లలో కరిగి, మట్టిలో యూరియేజ్ అనే ఎంజైమ్ చేతిలో పడి, కొన్నాళ్లకు విరిగి అమ్మోనియం అయితేగానీ వేరు తమరి వంక చూడదు. (కాస్తో కూస్తో నేరుగానూ పీల్చుకుంటుందట. ఆ కొసరుతో నా పిలకలు లేవవు.) పక్కన మెట్టలో మొక్కజొన్న సంగతి వేరు. అక్కడి మట్టికి గాలి ఆడుతుంది కాబట్టి బ్యాక్టీరియా అమ్మోనియాన్ని నైట్రేట్ అనే ఇంకో రూపంలోకి మార్చేస్తుంది, మొక్క ఎక్కువగా దాన్నే తీసుకుంటుంది. తీసుకున్నదాన్ని ఒంట్లో మళ్లీ అమ్మోనియంగా మార్చుకోవడానికి బోలెడు శక్తి ఖర్చు పెడుతుంది. వరికి ఆ తిప్పలు తక్కువ. నీళ్లు నిలిచిన మడిలో గాలి ఆడదు, అమ్మోనియం అమ్మోనియంగానే బంకమట్టిని పట్టుకుని ఉంటుంది, విస్తట్లో వడ్డించిన అన్నంలా.

మరి వడ్డించిన చోట కుదురుగా ఉండొచ్చు కదా? ఉండరు. మడినీళ్లలో నాచు పట్టి, ఎండపూట నీటికి క్షారగుణం పెరిగితే అమ్మోనియా వాయువై లేచిపోతారు. మట్టి పైపొరలో కాస్త గాలి తగిలితే చాలు, నైట్రేట్ వేషం వేస్తారు. ఆ వేషంలో మట్టిని పట్టుకుని ఉండలేరు, నీటితో కిందికి జారతారు. అక్కడ గాలి లేని చోట ఇంకో రకం బ్యాక్టీరియా తమరిని నత్రజని వాయువు చేసి ఆకాశానికి సాగనంపుతుంది. గాలిలో ఇప్పటికే 78 శాతం అదే! అక్కడికి పోవడానికి నా జేబులోంచి దారిఖర్చులు దేనికి?

బస్తాలో నత్రజని 46 శాతం, అంటే 20 కిలోల పైచిలుకు. వరి పైరుకు దక్కేది అందులో మూడో వంతు, మహా అయితే 40 శాతం. మిగతాదాంట్లో చాలా భాగం గాలిపాలు, నీటిపాలు. 2015 నుంచి ఇక్కడ తయారయ్యే తమరందరికీ వేపపూత తప్పనిసరి చేశారు. దాని వల్ల నైట్రేట్ కావడం కొంత నెమ్మదిస్తుంది, నిజమే. ఎండపూట ఎగిరిపోవడానికి మాత్రం ఆ పూత ఏమీ అడ్డు రాలేదు.

చెప్పినట్టు చేయలేదని మా మీదకు నెట్టొద్దు. 50 కిలోలకు 250 కిలోల తేమ మట్టి కలిపి రెండు రోజులుంచి చల్లమన్నారు. ఆ మట్టి మోసిన కూలీతో ఇంకో బస్తా వస్తుంది, దొరికితే. సరే, ఇవాళ పొద్దున నీళ్లు తీసేసి బురదపదునులోనే చల్లాను. 36 నుంచి 48 గంటలు ఆగి పలుచగా నీళ్లు కట్టాలి. మధ్యాహ్నానికే మబ్బు కమ్మింది. గట్లు పొర్లి పోయాయి. నువ్వు కింది చేనుకు పోయావు, అక్కణ్నుంచి కాలువలోకి పోయావు. కాలువలో గుర్రపుడెక్క చూశావా, ఎంత ఏపుగా ఉందో? అది నా పైరు పెట్టాల్సిన ఏపు! నా డబ్బుతో, నా నడుంనొప్పితో పెరిగిన డెక్క!

ఇంత గీర దేనికి నీకు? మూత్రంలో ఉండేదానివి. 1828లో వోలర్ అనే జర్మన్ రసాయనవేత్త ప్రయోగశాలలో తయారు చేశాడు కాబట్టి సంచిలోకి ఎక్కావు. మా బావ మినుము వేస్తాడు, నీ మొహం చూడడు. వేళ్ల బుడిపెల్లో రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి అక్కడికక్కడే అమ్మోనియం చేసి పెడుతుంది. దానికి పాస్‌బుక్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. మాగాణిలో ఈ కార్తెకు మినుము వేయలేను కాబట్టి నీకు చెల్లింది.

ఏం చేస్తాం, నాలుగు రోజుల్లో ఆకు పసుపు వదిలి పచ్చబడితే ఈ తిట్లన్నీ నేనే మరిచిపోతాను. అంత పచ్చదనం తెచ్చేది ఇంకోటి లేదు మరి. వెన్ను రూపుదిద్దుకునే అంకురం దశకు ఇంకో బస్తా కావాలి. ఎప్పుడొస్తావో సొసైటీలో అడిగితే పై నుంచి రావాలంటున్నారు. టైముకు వస్తే రా. పొట్ట దశ దాటాక మాత్రం రావద్దు. అప్పుడు నీతో పని పైరు రసం పీల్చే దోమకే.

ఇట్లు,
ఒక మాగాణి రైతు