నోయా: వాటా అడిగిన ఆడపిల్ల పేరు

యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా దగ్గర పడగానే ఇజ్రాయెల్ గణాంకాల శాఖ ఏటా ఒక జాబితా విడుదల చేస్తుంది. కిందటి ఏడాది పుట్టిన పిల్లలకు ఏ పేర్లు ఎక్కువగా పెట్టారో అందులో ఉంటుంది. యూదు ఆడపిల్లల వరసలో 2000ల దశకమంతా, ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు మొదటి స్థానం నోయాదే. ఈ మధ్య తామారు, అబీగయీలు దాన్ని దాటాయి కానీ నోయా మోజు మాత్రం తగ్గలేదు. 2023 యూరోవిజన్ పాటల పోటీలో ఇజ్రాయెల్‌కు మూడో స్థానం తెచ్చిన గాయని నోయా కిరెల్. హీబ్రూతో ఏ సంబంధమూ లేని స్పెయిన్, నెదర్లాండ్స్ ఇళ్లలో కూడా ఇప్పుడు నోయాలు పెరుగుతున్నారు.

అర్థం కోసం వెతికితే పేర్ల వెబ్‌సైట్లు 'కదలిక' అని ఒక ముక్క చెప్పి ఊరుకుంటాయి. అది సరైనదే. కొన్ని సైట్లు మాత్రం ఓడ కట్టిన నోవహుతో కలిపేసి 'విశ్రాంతి' అని కూడా రాస్తాయి. కదలికా, విశ్రాంతీ ఒకే పేరుకు ఎలా కుదురుతాయని అడిగేవాళ్లు లేరు. ఈ గందరగోళం ఇంగ్లిష్ పుణ్యమే. కింగ్ జేమ్స్ బైబిల్ ఇద్దరికీ ఒకటే స్పెల్లింగ్ ఇచ్చింది. హీబ్రూలో రెండూ వేర్వేరు పేర్లు. మన తెలుగు బైబిల్ కూడా నోవహును, నోయాను చక్కగా విడదీసింది. అమెరికాలో 2013 నుంచి 2016 వరకు మగపిల్లల పేర్లలో నంబర్ వన్ ఆ నోవహే కాబట్టి, అక్కడ కూతురికి నోయా అని పెట్టుకున్నవాళ్లకు స్పెల్లింగ్ దగ్గర తిప్పలు తప్పవు.

నన్నడిగితే ఈ పేరు సంగతి తెలియాలంటే బైబిల్లోని సంఖ్యాకాండం 27వ అధ్యాయం తెరవాలి. అక్కడ ఉన్నది ఒక ఆస్తి దావా.

ఇశ్రాయేలీయులకు కనాను దేశంలో భూమి పంచడానికి, వాళ్ల నాయకుడు మోషే కాలంలో జనాన్ని లెక్కపెట్టారు. ఇరవై ఏళ్లు దాటిన మగవాళ్లు 6,01,730 మంది అని తేలింది. ఆ లెక్క ప్రకారమే పంపకం. ఇశ్రాయేలు పన్నెండు గోత్రాల్లో ఒకటైన మనష్షేకు చెందిన సెలోపెహాదు అప్పటికే ఎడారిలో చనిపోయాడు. అతనికి కొడుకుల్లేరు, ఐదుగురు కూతుళ్లు: మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా. అంటే లెక్క ప్రకారం ఆ ఇంటి వాటా సున్నా. ఆ ఐదుగురూ ఆరాధనా స్థలమైన ప్రత్యక్ష గుడారం గుమ్మం దగ్గరికి వచ్చి, మోషే, యాజకుడు ఎలియాజరు, పెద్దలు, మొత్తం సమాజం చూస్తుండగా నిలబడ్డారు. వాళ్ల వాదన చూడండి. మా నాన్న మోషే మీద కోరహు చేసిన తిరుగుబాటులో లేడు, అంటే ఆస్తి పోగొట్టుకోవాల్సినంత నేరమేమీ చేయలేదు. కొడుకులు లేనంత మాత్రాన ఆయన పేరు వంశంలోంచి ఎందుకు తుడిచిపెట్టుకుపోవాలి? ఆయన అన్నదమ్ములతో పాటు మాకూ భూమి ఇవ్వండి.

అవతలి పక్షం లేవదీయబోయే అభ్యంతరాన్ని ముందే పసిగట్టి కొట్టేశారు. మంచి లాయరు చేసే పని అది. మోషే అప్పటికప్పుడు తీర్పు చెప్పలేక దేవుణ్ని అడిగాడు. వాళ్లు అడిగింది న్యాయమేనని జవాబు వచ్చింది. కొడుకులు లేనప్పుడు ఆస్తి కూతుళ్లకే చెందాలని చట్టం మారింది. బైబిల్లో ఆడవాళ్లు ఏడ్చి, మొక్కి, ఉపాయాలు పన్ని సాధించుకున్నవి చాలా ఉన్నాయి. నలుగురి ముందు చట్టంలో లోపం చూపించి మార్పించుకున్న కథ మాత్రం, నాకు తెలిసి, ఇదొక్కటే. చర్చికి వెళ్లే పాఠకులను ఒకటే అడుగుతాను: ఈ అధ్యాయం మీద ప్రసంగం ఎన్నిసార్లు విన్నారు?

ఇక నన్ను కుర్చీలో కూర్చోనివ్వని సంగతికి వస్తాను. 1910లో హార్వర్డ్ బృందం ప్రాచీన ఇజ్రాయెల్ రాజధాని సమరియ శిథిలాల్లో తవ్వుతుంటే సిరాతో రాసిన కుండ పెంకులు దొరికాయి. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం నాటివి. వాటిలో వేదాంతం ఏమీ లేదు, అన్నీ సరుకు చిట్టీలే: ఫలానా ఏట, ఫలానా చోటు నుంచి, ఫలానా వ్యక్తికి, ఒక జాడీ పాత ద్రాక్షారసం లేదా నూనె. ఆ చోట్ల పేర్లలో మనష్షే గోత్రపు శాఖల పేర్లు ఏడు కనిపిస్తాయి. ఐదు మగవాళ్లవి. మిగతా రెండూ నోయా, హొగ్లా! యెహోషువ గ్రంథంలోని మగ శాఖల జాబితాలో ఉన్న వాళ్ల తాత హెపెరు ఈ పెంకుల మీద లేడు, మనవరాళ్లు ఉన్నారు. ఊళ్ల పేర్లే ముందు పుట్టి, వాటికి తగ్గట్టు కథ తర్వాత అల్లుకున్నారని కొందరు పండితులంటారు. కానివ్వండి, నాకు అదీ ఇష్టమే. రెండు ఊళ్ల పేర్లు ఆడవాళ్లవి ఎందుకయ్యాయో చెప్పాల్సి వచ్చినప్పుడు, వాళ్లు ధైర్యంగా వాటా అడిగారన్న కథే ఆ సమాజానికి నమ్మదగ్గదిగా తోచిందన్నమాట.

ఇంత లోతు అక్కర్లేదు, జనం శబ్దం చూసి పేరు పెడతారు, నోయా చిన్నగా, నోటికి ఇంపుగా ఉంది, ఏ దేశంలోనైనా పలకొచ్చు, అంతే అనేవాళ్లున్నారు. కాదనను. టెల్ అవీవ్‌లో బిడ్డకు పేరు పెట్టే తల్లి సంఖ్యాకాండం ముందేసుకుని కూర్చోదు. అయితే హొగ్లా కూడా చిన్న పేరే, మిల్కా కూడా చిన్న పేరే. ఐదుగురిలో ఒక్కరే ఎందుకు వెలిగారంటే శబ్దం అని ఒప్పుకుంటాను. వెలిగిన పేరు వెంట కథ కూడా వస్తుంది, దాన్ని మాత్రం వదలను.

ఎందుకంటే ఆ కథలోని మెలిక మన దగ్గర ఇంకా నడుస్తోంది. సంఖ్యాకాండం 36వ అధ్యాయంలో మనష్షే గోత్రంలోని గిలాదు శాఖ పెద్దలు మోషే దగ్గరికి వచ్చి మొర పెట్టుకున్నారు: ఈ అమ్మాయిలు వేరే గోత్రంవాళ్లను చేసుకుంటే మన భూమి పరాయిపాలవుతుంది కదా! సొంత గోత్రంలోనే చేసుకోవాలని షరతు పడింది. ఐదుగురూ తండ్రి అన్నదమ్ముల కొడుకులను చేసుకున్నారు. తెలుగువాళ్లకు ఇక్కడ గుండె ఝల్లుమంటుంది, మనకు వాళ్లు అన్నదమ్ముల వరస. కానీ ఆస్తి ఇల్లు దాటకూడదనే కదా మనవాళ్లూ మేనరికాలు చేసింది. ఆ షరతు ఆ ఒక్క తరానికేనని యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముద్ తర్వాత తేల్చింది. గోత్రాల మధ్య పెళ్లిళ్లకు అడ్డు తొలగిన రోజు యూదుల పంచాంగంలో ఆవ్ నెల పదిహేను అంటారు. ఇప్పుడు ఇజ్రాయెల్‌లో అది ప్రేమికుల రోజు.

మన దగ్గర ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశం మొత్తానికి అది అందింది 2005లో. గర్వపడాల్సిందే. కానీ 1985 నాటి సవరణలో ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లను పక్కనపెట్టారు. ఇక్కడా అడ్డు పెళ్లి దగ్గరే! గిలాదు పెద్దలకు వచ్చిన టెన్షనే మనవాళ్లకూ వచ్చింది. కేరళలోని తిరువాన్కూరు ప్రాంతపు సిరియన్ క్రైస్తవుల్లో కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అదే దక్కేది. ఆ సమాజానికే చెందిన మేరీ రాయ్ సుప్రీంకోర్టులో పోరాడి గెలిచిన 1986 దాకా అదే పద్ధతి. బైబిల్ చదివే ఇళ్లలోనే నోయా వాదన అంతకాలం బయట నిలబడింది.

ఇప్పుడు చట్టం అడ్డం లేదు. తండ్రి పోయిన కొన్నాళ్లకు అన్న కారు పంపిస్తాడు, వదిన చీర పెడుతుంది, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు బయట డాక్యుమెంట్ రైటర్ వాటా వదులుకుంటున్నట్టు రాసిన హక్కు విడుదల దస్తావేజు సిద్ధంగా ఉంచుతాడు. చదివి వినిపించమని అడిగిన చెల్లెలు గయ్యాళి. పెళ్లికి కట్నం ఇచ్చాం కదా అన్న మాట సాక్షి సంతకం కంటే బలంగా పనిచేస్తుంది. పుట్టింటి గుమ్మం ఎక్కడ మూసుకుపోతుందోనని ఆమె సంతకం పెట్టేస్తుంది. పట్టాదారు పాసుపుస్తకంలో అన్నదమ్ముల పేర్లే ఎక్కుతాయి.

నోయాకూ తీర్పు ఒక్కటే సరిపోలేదు. మోషే చనిపోయాక, భూమి పంచే సమయానికి ఆ అక్కచెల్లెళ్లు మళ్లీ రావాల్సి వచ్చింది. యెహోషువ గ్రంథం 17వ అధ్యాయంలో వాళ్లు ఎలియాజరు, మోషే తర్వాత నాయకుడైన యెహోషువల ముందు నిలబడి, మాకు ఇమ్మని దేవుడు మోషేకు ఆజ్ఞ ఇచ్చాడు కదా అని గుర్తుచేశారు. అప్పుడే భూమి చేతికొచ్చింది. చట్టం అమలుచేయాల్సినవాళ్లకే గుర్తుచేయాల్సి రావడం వాళ్లకేమీ నామోషీగా అనిపించలేదు. మన ఆడపడుచులకు మాత్రం మొదటిసారి అడగడమే నామోషీ అని నేర్పింది ఎవరు?