కింద కూర్చున్న వయొలిన్, బ్రూక్లిన్‌లో ఊద్

చార్మినార్ దగ్గర అత్తరు దుకాణంలో ‘ఊద్’ అని అడిగితే చిన్న సీసా మూత తీసి మణికట్టు మీద రాస్తారు. మన ఊదుబత్తిలోని ఊదు కూడా అదే. అరబ్బీలో ఆ మాటకు అర్థం కొయ్య. అరబ్బు దేశాల్లో వాయించే ఒక తీగ వాయిద్యానికీ అదే పేరు. నిలువునా కోసిన సొరబుర్రలాంటి పొట్ట, పొట్టి మెడ, వెనక్కి విరిచినట్టుండే తల. సాధారణంగా 11 తీగలు: ఐదు జంటలు, మంద్రంలో ఒక ఒంటి తీగ. మన వీణకు 24 మెట్లుంటే దీనికి ఒక్కటీ లేదు. స్వరం ఎక్కడుందో వేలికి చెవే చెప్పాలి.

ఈ వాయిద్యాన్ని 1950ల చివర్లో న్యూయార్క్ జాజ్‌లోకి తెచ్చినవాడు అహ్మద్ అబ్దుల్ మాలిక్. ఆయన అసలు పని డబుల్ బాస్, అంటే నిలువెత్తు వయొలిన్‌లాంటి మంద్ర వాయిద్యం, వాయించడం. 1957 నవంబర్‌లో కార్నెగీ హాల్‌లో పియానో మీద థెలోనియస్ మంక్, శాక్సఫోన్ మీద జాన్ కోల్ట్రేన్ కలిసి వాయించినప్పుడు వెనక బాస్ ఆయనదే. జాజ్ లోకంలో బాస్ వాయించేవాడికి అంతకంటే మంచి ఉద్యోగం ఉండదు. అలాంటివాడు మళ్లీ మొదటి పాఠం దగ్గర కూర్చుని, కొత్త వాయిద్యం మీద తప్పులు వాయించుకుంటూ ఎందుకు మొదలుపెట్టినట్టు?

ఫ్యూజన్ పేరుతో మన దగ్గర జరిగే కచేరీలు చూసినప్పుడల్లా నాకు ఈ ప్రశ్నే గుర్తొస్తుంది. ఒక డ్రమ్స్, ఒక కీబోర్డు, పక్కన మృదంగం. ఎవరికి వచ్చింది వాళ్లు వాయిస్తారు, చివర్లో అందరూ కలిసి వేగం పెంచుతారు, చప్పట్లు మోగుతాయి. అక్కడ ఎవరూ ఏదీ వదులుకోలేదు కాబట్టి ఏదీ కలవలేదని నా అభిప్రాయం.

అబ్దుల్ మాలిక్ వదులుకున్నవాటిలో సొంత పేరు కూడా ఉంది. తన తండ్రి సూడాన్ నుంచి వచ్చాడని ఆయన చెప్పుకునేవాడు, పత్రికలు అలాగే రాశాయి. చరిత్రకారుడు రాబిన్ కెల్లీ 2012లో వచ్చిన పుస్తకంలో అసలు సంగతి బయటపెట్టాడు. 1927లో బ్రూక్లిన్‌లో పుట్టినప్పుడు పెట్టిన పేరు జొనాథన్ టిమ్, తల్లిదండ్రులు కరీబియన్ దీవి సెయింట్ విన్సెంట్ నుంచి వలస వచ్చినవాళ్లు. అమెరికా నల్లవాడి మీద వేసిన గుర్తింపును కాదని ఇస్లాంలోకి, కొత్త పేర్లలోకి వెళ్లిన సంగీతకారులు ఆ రోజుల్లో చాలామందే ఉన్నారు. ఈయన ఇంకో అడుగు ముందుకేసి పూర్వీకుల్ని కూడా మార్చుకున్నాడు.

దాన్ని మోసం అనేవాళ్లున్నారు. నేను అంత తొందరపడను. పుట్టుకను కల్పించుకోవచ్చు గానీ స్వరాన్ని కల్పించుకోలేం, వినేవాడి ముందు ఇట్టే దొరికిపోతాం. బ్రూక్లిన్ అట్లాంటిక్ అవెన్యూ చుట్టుపక్కల సిరియా, లెబనాన్ నుంచి వచ్చిన కుటుంబాలు, వాళ్ల దుకాణాలు, పెళ్లిళ్లు, పాటలు ఉండేవి. ఆయనకు అరబ్బు సంగీతం దొరికింది ఎడారిలో కాదు, ఆ ఇరుగుపొరుగులో. పైగా చిన్నప్పుడు నేర్చింది వయొలిన్, బతుకుతెరువు బాస్. రెంటికీ మెట్లుండవు, అంటే చెవి సగం సిద్ధంగానే ఉంది.

మిగతా సగమే కష్టం. కర్ణాటక సంగీతం నేర్చుకునే ఏ పిల్లాడైనా మాయామాళవగౌళలో సరళీ స్వరాలతో మొదలుపెడతాడు. అందులో మొదటి నాలుగు స్వరాలు, స రి గ మ, అరబ్బుల ‘హిజాజ్’ మఖామ్ మొదట్లో ఉన్నవే. మఖామ్ అంటే మన రాగం లాంటిది. అందుకే హిజాజ్ మనకు చుట్టంలా వినిపిస్తుంది. అదే ‘రాస్త్’ మఖామ్ వినండి. దాని గాంధారం మన సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో నిలబడుతుంది, 72 మేళకర్తల్లో దానికి చోటు లేదు. మొదటిసారి విన్నప్పుడు శ్రుతి తప్పిందేమో అనుకున్నాను. పదిసార్లు విన్నాక, అది లేని రాస్త్ చప్పగా అనిపించింది.

ఈ నడిమి స్వరాల్ని పియానో పలకలేదు. 1932లో కైరోలో అరబ్బు సంగీతం మీద పెద్ద మహాసభ జరిగింది, బార్టోక్, హిండెమిత్ లాంటి యూరప్ స్వరకర్తలు కూడా వచ్చారు. అక్కడ గట్టిగా వాదులాడుకున్న విషయాల్లో పియానోను రానివ్వాలా వద్దా అన్నదొకటి. నవ్వుకోనక్కర్లేదు. 1940లో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని బయటికి పంపించింది, మళ్లీ తలుపు తీయడానికి దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. గమకం పలకని మెట్ల పెట్టె మనకెందుకన్నది అక్కడి వాదనల్లో ఒకటి. పాశ్చాత్య సంగీతం హార్మనీ మీద, అంటే ఒకేసారి పలికే స్వరాల కలయిక మీద, పియానో స్వరాల మీద నిలబడుతుంది. మఖామ్ ఒకే రాగధార మీద, నడిమి స్వరాల మీద నడుస్తుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి పక్కన పెట్టాలి.

1958 అక్టోబర్‌లో అబ్దుల్ మాలిక్ ‘జాజ్ సహారా’ రికార్డు చేసినప్పుడు పియానోను పిలవలేదు. అలెప్పో నుంచి అమెరికా చేరిన పాతకాలపు వయొలిన్ విద్వాంసుడు నయీమ్ కరాకండ్, ఒళ్లో పెట్టుకుని మీటే కానూన్ అనే తీగల వాయిద్యం మీద జాక్ ఘనైమ్, ఊద్, బాస్ తనే. శాక్సఫోన్‌కి, అదే వేసవిలో మంక్ బృందంలో తన పక్కన వాయించిన జానీ గ్రిఫిన్‌ను తెచ్చుకున్నాడు. నిజం చెప్పాలంటే ఆ రికార్డు పూర్తిగా కుదరలేదు. అరబ్బు వాద్యకారులు ఒక ఇంట్లో, గ్రిఫిన్ పక్కింట్లో ఉండి కిటికీలోంచి మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది. గ్రిఫిన్ మెరుపులా వాయిస్తాడు, కానీ తన జాజ్ పలుకుబడిలోనే వాయిస్తాడు. రెండిళ్ల మధ్య తిరుగుతున్నది అబ్దుల్ మాలిక్ ఒక్కడే. అయినా అది నాకు చాలా ఇష్టమైన రికార్డు, ఆ తిరుగుడు వినిపిస్తుంది కాబట్టి.

నలభై ఏళ్ల తర్వాత ట్యునీషియా ఊద్ విద్వాంసుడు అనుఆర్ బ్రాహెం ‘థిమార్’ అనే రికార్డులో అదే లెక్కను ఇంకా కఠినంగా చేశాడు. ఆయన ఎదురు దిక్కు నుంచి వచ్చినవాడు. గురువు అలీ స్రీతీ దగ్గర సంప్రదాయం నేర్చి జాజ్ వైపు నడిచాడు. పియానో లేదు, డ్రమ్స్ కూడా లేవు. జాన్ సర్మన్ శాక్సఫోన్, బాస్ క్లారినెట్, డేవ్ హాలండ్ బాస్, ఊద్, అంతే. ఖాళీ చోటు ఎక్కువున్నందువల్ల ముగ్గురూ ఒకరినొకరు వినక తప్పలేదు. 2017లో ‘బ్లూ మఖామ్స్’కి వచ్చేసరికి ఆయన పియానోనూ డ్రమ్స్‌నూ పక్కన కూర్చోబెట్టుకోగలిగాడు. అప్పటికి ఎప్పుడు ఊరుకోవాలో అందరికీ తెలుసు.

మనకు ఇది కొత్త సంగతేం కాదు. వయొలిన్ యూరప్‌లో నిలబడి, భుజం మీద వాయించే వాయిద్యం. మన దగ్గరికొచ్చి కింద కూర్చుంది, తలను వాద్యకారుడి పాదం మీద ఆనించింది. ఎడమచేతికి వయొలిన్ మోసే పని తప్పడంతో జారుడు గమకాలకు వేళ్లు ఖాళీ అయ్యాయి. విజయనగరంలో ద్వారం వెంకటస్వామినాయుడు వాయిస్తుంటే దాన్ని ఫ్యూజన్ అని ఎవరన్నారు? హైదరాబాద్ పెళ్లి బారాత్‌ల మర్ఫా కూడా అంతే. బార్కస్‌లో స్థిరపడ్డ యెమెన్ అరబ్బుల వెంట వచ్చిన దరువు అది, ఇప్పుడు హైదరాబాదీది.

అబ్దుల్ మాలిక్ దగ్గరికే మళ్లీ వస్తాను. తన పేరుతో తెచ్చిన రికార్డుల్లో ఒకటి 1964 నాటి ‘స్పెల్‌బౌండ్’. అందులో ఆయన ఊద్ ముట్టలేదు, బాస్ దగ్గరికి తిరిగి వెళ్లాడు. ఊద్‌ను హంజా ఎల్ దీన్ చేతిలో పెట్టాడు. హంజా సూడాన్ సరిహద్దుకు దగ్గరలోని నూబియా మనిషి. నూబియా పాటకు ఊద్ సొంత వాయిద్యం కాదు, దాన్ని ఆ పాటకు ఒదిగించినవాడు ఆయన. సూడాన్ వాడినని చెప్పుకున్న బ్రూక్లిన్ మనిషి నిజంగానే నైలు ఒడ్డు నుంచి వచ్చినవాడికి చోటిచ్చి, వెనక నిలబడి బాస్ వాయించాడు. అన్నట్టు ఆ రికార్డులో పియానో ఉంది, వాయించింది ఎక్కువగా సినిమా బాణీలే.