వయసైపోయింది కదా, వదిలేయండి

తిరుపతిలో అన్ని జబ్బులకూ పనిచేసే మందు ఒకటుంది. డబ్బులక్కర్లేదు, చీటీ అక్కర్లేదు. 'వయసైపోయింది కదా' అంటే చాలు. మా నాన్న మోకాళ్ళకు ఆరేళ్ళుగా ఇదే వాడుతున్నాం. మా వీధిలో ఒరిగిన కరెంటు స్తంభానికీ ఇదే వైద్యం. పోయిన వేసవిలో మా సుబ్బులుకి కూడా ఒక డోసు వేశాం.

సుబ్బులు పిల్లి. 13 ఏళ్ళు. మనిషి లెక్కలో 68కి దగ్గర. బైరాగిపట్టెడలో మేం ఇల్లు మారిన ఏడాది మిద్దె మీద దొరికింది, అప్పట్నుంచీ ఇల్లు దానిదే, అద్దె మాది.

మొదట గిన్నె ముందు కూర్చుని ఆలోచించడం మొదలుపెట్టింది. ఒక గింజ నోట్లో వేసుకుని, తల పక్కకి వంచి, కుడివైపు మాత్రమే నమిలి, సగం కింద పడేసేది. మేం చర్చించి 'పొగరు' అని తేల్చాం. తర్వాత చొంగ కారింది. ఆవలిస్తే చేపల మార్కెట్ మూసే వేళ వాసన. ఒళ్ళు నాక్కోవడం మానేసి, వీపు మీద బొచ్చు ఉండలు కట్టింది. అప్పుడు నిర్ధారణ మార్చాం: వయసైపోయింది.

పిల్లి నొప్పిని దాచుకుంటుంది, అదొక సదుపాయం. నాకు పన్ను నొప్పి వస్తే వీధి చివర టీ కొట్టువాడికి కూడా తెలుస్తుంది.

ఇక సలహాలు. పక్కింటి పెద్దాయన లవంగనూనె దూదితో అద్దమన్నారు. పైన అద్దెకున్నమ్మాయి పిల్లల పేస్టు ఇచ్చింది. మా బావ పారాసిటమాల్ మాత్ర సగానికి విరిచి సిద్ధంగా పెట్టుకున్నాడు. వీటిలో ఒక్కటీ వాడకపోవడానికి కారణం మా తెలివి కాదు, సుబ్బులు గోళ్ళు. పారాసిటమాల్ పిల్లికి విషమని, చిన్న ముక్క కూడా ప్రాణం తీయగలదని, లవంగనూనెని దాని కాలేయం తట్టుకోలేదని, మన పేస్టు పుక్కిలించి ఉమ్మేసేవాళ్ళ కోసమని తర్వాత తెలిసింది. ఇంతమంది ప్రేమని తట్టుకుని బతికిందంటే ఏడుకొండలవాడి దయ.

చివరికి బుట్టలో పెట్టి, స్కూటర్ మీద పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పెదవి ఎత్తి చూశారు. పిల్లికి 30 పళ్ళుండాలట, మా దానికి 28 ఉన్నాయి. రెండెప్పుడు పోయాయో ఇంట్లో ఎవరికీ తెలీదు. పాచి కొద్దిరోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది, గార కింద చిగురు వాస్తుంది. అది ఒక ఎత్తు. కింది దవడలో ఒక పన్ను మొదలు దగ్గర గుంట పడి ఉంది. పెద్ద పిల్లుల్లో ఇది మామూలేనట. ఒంట్లోని కణాలే సొంత పన్నుని కరిగించేస్తాయి. సొంతవాళ్ళే తినేయడం మన ఊళ్ళో కొత్త కాదు గానీ, పళ్ళ దాకా రావడం నేను వినలేదు.

మత్తిచ్చి నోరు శుభ్రం చేయాలన్నారు డాక్టరు. "మత్తేంది సామీ, నోరు పట్టుకుని గీకేస్తే సరిపోదా?" అని అడిగింది మా అమ్మ.

"కనబడేది గీకొచ్చమ్మా. జబ్బుండేది చిగురు కింద," అన్నారాయన. పెద్దదాన్ని మత్తులో పెట్టాలంటే ముందు రక్తపరీక్ష చేసి కిడ్నీలు చూడాలన్నారు. కిడ్నీలు చెడినా నోరు వాసన వస్తుందట. పరీక్ష, ఎక్స్‌రే అయ్యాక మూడు పళ్ళు తీశారు. బిల్లు ఎంతయిందో బావకి ఇప్పటికీ చెప్పలేదు.

అసలు తపస్సు తర్వాత మొదలైంది. పిల్లుల కోసమే చేసే కోడిరుచి పేస్టు, వేలెడు బ్రష్. మొదటి వారం వేలికి పేస్టు రాసి నాకించడమే. పుండు మానాక, రాత్రి ఎనిమిదింటికి మా ఆవిడ తువ్వాల్లో చుట్టి పట్టుకుంటే, నేను పెదవి ఎత్తి పళ్ళ బయటి వైపు తోమాలి. లోపలి వైపు దాని నాలుకకే వదిలేశాం. తొలిరోజు స్కోరు: బ్రష్ నాలుగు రుద్దులు, సుబ్బులు రెండు గీతలు. అలిపిరి నుంచి కొండెక్కడానికి 3,550 మెట్లు. అక్కడ ఎన్ని మిగిలాయో లెక్క ఉంటుంది, ఇక్కడ ఆ సౌకర్యం కూడా లేదు. రాత్రిపూట పళ్ళు తోముకోని ఇల్లు మాది. ఇప్పుడు పిల్లి తోముకుని పడుకుంటుంది.

మూడు వారాలకి గిన్నె ఖాళీ చేసి, ప్రహరీ గోడ మీదకి ఒక్క దూకు దూకింది. వయసు తగ్గలేదు, 13కి ఇంకో నెల కలిసింది కూడా. పన్ను నొప్పి పోయింది, అంతే.

డాక్టరు కాగితంలో చుట్టిచ్చిన పళ్ళని అమ్మ ఆ సాయంత్రం విప్పి, చిన్నప్పుడు మావి వేసినట్టే వెనకింటి పెంకుల మీదకి విసిరింది. కొత్తవి రావు, పిల్లికి పాలపళ్ళ తర్వాత ఒక్క వరసే అని చెప్పినా వినలేదు. అరుగు మీద మోకాలు పట్టుకుని కూర్చున్న నాన్న అదంతా చూసి అన్నాడు:

"ఒరే, నన్నూ ఆ డాక్టరు దగ్గరికే తోడుకోని పోరా. ఆయప్ప వయసు అడిగినాక కూడా నోరు తెరిచి చూసినాడు."