కథల్లోని కూటమికి శత్రువును ఎవరు చూపిస్తారు?

దేశదేశాల సైనికులు ఒక్కటై ఉగ్రవాదాన్ని ఎదుర్కొనే కథలంటే పిల్లలకు ఎంత మోజో ఇక్కడి తెలుగు తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. 2015లో వచ్చిన ‘రెయిన్‌బో సిక్స్ సీజ్’ వీడియో గేమ్‌లో బ్రిటన్, ఫ్రాన్స్, జర్మనీ, రష్యా, అమెరికా కమాండోలు ఒకే దళంలో పనిచేస్తారు. గుజరాత్‌లోని అమ్రేలీకి చెందిన పాత్ర కూడా 2019లో అందులో చేరింది. ఆ కలుపుగోలుతనం నాకూ నచ్చుతుంది. అయితే కూటమి పనిలో అన్నిటికన్నా కష్టమైనది శత్రువెవరో అందరూ కలిసి తేల్చుకోవడం. ఈ కథలు చాలావరకు దాన్నే దాటవేస్తున్నాయి, ఇది చిన్న లోపం కాదు.

జీఐ జో అనే అమెరికన్ సైనికుల బొమ్మల లోకంలో 1982 నుంచి శత్రువు కోబ్రా అనే ఉగ్రవాద ముఠా. ఆ ముఠా సైనికుడు ఛాతీ మీద పాము గుర్తుతో, ముఖానికి ముసుగుతో వస్తాడు కనుక అతడెవరన్న ప్రశ్నే తలెత్తదు.

వాస్తవం వేరు. భద్రతామండలికి సైన్యాన్ని అందుబాటులో ఉంచేలా సభ్యదేశాలు ఒప్పందాలు చేసుకోవాలని ఐక్యరాజ్యసమితి నియమావళి 43వ అధికరణం 1945లోనే నిర్దేశించినా, అలాంటి ఒప్పందం ఒక్కటీ కుదరలేదు. అంతర్జాతీయ ఉగ్రవాదంపై సమగ్ర ఒప్పందాన్ని భారత్ 1996లో ప్రతిపాదించింది. పరాయి ఆక్రమణపై పోరాడేవారిని ఏమనాలి, ప్రభుత్వ సైన్యాల చర్యలు దాని పరిధిలోకి వస్తాయా అన్న దగ్గరే అది చిక్కుకుపోయింది. 2008లో ముంబైపై జరిగిన దాడిని చూసిన మనకు ఈ జాప్యం మనసు మండించక మానదు. అయినా ఆ ప్రశ్నలన్నీ ఉత్త సాకులని నేను అనలేను.

అఫ్ఘానిస్థాన్‌లో నాటో నాయకత్వాన పనిచేసిన ఐసాఫ్ (అంతర్జాతీయ భద్రతా సహాయక దళం) దళాల్లో కొన్ని దేశాలు తమ సైనికులు ఎక్కడికి వెళ్లాలో, ఏ పని చేయకూడదో ముందే షరతులు పెట్టాయి. దానివల్ల కమాండర్లకు చేతులు కట్టేసినట్టయింది, మిగతా దేశాల సైనికులపై భారం పెరిగింది. కానీ కన్నబిడ్డలను యుద్ధానికి పంపే ప్రజలకు తమ పార్లమెంటు ద్వారా హద్దులు గీసే హక్కు లేదని ఎలా అంటాం?

‘సీజ్’లో నేను మెచ్చుకునే నియమం ఒకటుంది. బందీని విడిపించే పోటీలో తమ తూటాకే బందీ చనిపోతే ఆ జట్టు ఆ రౌండు ఓడిపోయినట్టే. ఎదుటివారిని ఎంతమందిని పడగొట్టినా లెక్కలోకి రాదు. బలప్రయోగానికి జవాబుదారీ ఉండాలని ఉపన్యాసం లేకుండానే నేర్పే నియమమిది. దళాన్ని ఎవరు పంపారు, ఏ ఆధారంతో పంపారు, పొరపాటు జరిగితే ఎవరికి సంజాయిషీ ఇవ్వాలి అన్న ప్రశ్నలు కూడా ఇలాగే కథలో భాగం కావాలి. మన సంఘం పిల్లలకు కథల పోటీ పెట్టి, దాడికి ముందు కూటమి దేశాల ప్రతినిధులు వాదించుకునే సమావేశాన్నే రాయమనాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను.