నల్లా వాచరుకు నెగెటివ్ మార్కులు

ఏడు నుంచి తొమ్మిదో తరగతి దాకా పిల్లలకు వారానికి రెండు పీరియడ్లు చేతిపని ఎలక్టివ్‌గా పెట్టాలన్న మాట నగరంలో మళ్లీ వినిపిస్తోంది. ఐఐటీ ఫౌండేషన్‌కు కట్టిన ఫీజులు ఇంకా చల్లారకముందే ఇలాంటి పుకార్లు రావడం ఆందోళనకరం. తల్లిదండ్రులు అప్రమత్తంగా ఉండాలి.

నిజానికి ఈ బెడద కొత్తదేమీ కాదు. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపని ద్వారానే చదువు చెప్పాలన్నారు. దానికి పాఠ్యప్రణాళిక రాసిన కమిటీ అధ్యక్షుడు జాకీర్ హుసేన్ మన హైదరాబాద్‌లో పుట్టినవాడే, కనుక నేరం పూర్తిగా బయటివాళ్ల మీదికి తోసేయడానికీ లేదు. 1966లో కొఠారీ కమిషన్ దాన్నే ‘పని అనుభవం’ అంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ ‘సామాజిక ప్రయోజనం గల ఉత్పాదక శ్రమ’ అని ఇంకాస్త బరువైన పేరు తగిలించింది. 2020 జాతీయ విద్యా విధానం ఆరు నుంచి ఎనిమిది తరగతుల నడుమ ఓ పది రోజులు పుస్తకాల సంచీ పక్కనపెట్టించి, పిల్లల్ని వడ్రంగి దగ్గరికో తోటమాలి దగ్గరికో కుమ్మరి దగ్గరికో పంపమంది. ఎనభై మూడేళ్లలో పేరు మార్చే పని మాత్రం మనకు బాగా చేతికొచ్చింది. బడులు కూడా ఏ పేరొస్తే ఆ పేరు టైంటేబుల్లో రాసుకుని, ఆ గంటకు లెక్కల సారును పంపి, ముప్పు తప్పిస్తూ వచ్చాయి.

ఈసారి ముప్పు ఎంతటిదో తెలియాలంటే చేతులు మారుతున్న ముసాయిదాలోని పాఠాలనే చూడాలి. మొదటిది కారే నల్లా.

ముందు ట్యాంకు నుంచి వచ్చే వాల్వు కట్టెయ్యాలి. నల్లా తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదిలెయ్యాలి. సింకు జాలీ మీద గుడ్డ కప్పాలి, లేకపోతే తొలి స్క్రూ డ్రైనేజీకే నైవేద్యం. ఆ తర్వాత పానాతో తల విప్పాలి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో తెల్లగా సున్నం పట్టి తల ఓ పట్టాన రాదు. వెనిగర్లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచితే సున్నం కరుగుతుంది. అంత ఓపిక లేనివాడు బలమంతా పెట్టి తిప్పుతాడు. అప్పుడు తల తిరగదు, గోడలో ఉన్న ఎల్బో, అంటే పైపు వంపు ముక్క, తిరుగుతుంది. పది రూపాయల పని టైల్స్ పగలగొట్టే పనిగా ప్రమోషన్ పొందేది అక్కడే. కాబట్టి ఒక పానాతో నల్లా ఒంటిని కదలకుండా పట్టి, రెండోదానితో తల తిప్పాలి. పాతకాలపు ఇత్తడి నల్లా అయితే లోపల అరిగిన రబ్బరు వాచరు కనిపిస్తుంది, మార్చేస్తే సరి. అర మలుపుకే తెరుచుకునే కొత్తరకంలో రబ్బరు వాచరు వెతికి లాభం లేదు, లోపల తిరిగే ముక్క, అంటే స్పిండిలే మార్చాలి. దాని పళ్లు కంపెనీకో లెక్కన ఉంటాయి కాబట్టి పాతదాన్ని జేబులో వేసుకునే రాణీగంజ్ వెళ్లాలి, ఫోన్లో ఫొటో చూపిస్తే కుదరదు.

నల్లా మొత్తం మార్చేటప్పుడు మర మీద తెల్ల టేపు పది పన్నెండు చుట్లు చుట్టాలి. మర కొసను మనవైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిక్కునే చుట్టాలి. తిరగేసి చుట్టారా, బిగిస్తుంటే టేపు ముద్దగా లేచి బయటికొస్తుంది, నీళ్లు దాని వెనకాలే వస్తాయి.

ఇందులో విద్యాపరమైన ప్రమాదం గమనించారా? సెకనుకో చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. ఈ గుణకారం చేసిన పిల్లవాడికి ఒలింపియాడ్‌లో పతకమిస్తాం. ఆ చుక్క ఆపినవాడిని ఏ ర్యాంకులో పెట్టాలి? ఆగిందా లేదా చెప్పడం ఓఎమ్మార్ షీటు వల్ల కాదు, నల్లా కింద మగ్గు పెట్టి తెల్లారేదాకా ఆగాలి. మగ్గులు దిద్దే మూల్యాంకనం మొదలైతే కోచింగ్ రంగాన్ని నమ్ముకున్న వేలాది కుటుంబాలు ఏమైపోవాలి?

రెండోది సైకిల్ పంక్చర్. ట్యూబు బయటికి తీసి, గాలి కొట్టి, నీళ్ల టబ్బులో ముంచి, బుడగలు వచ్చేచోట గుర్తు పెట్టాలి. తుడిచి ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పల్చగా రాసి, అయిదు నిమిషాలు ఆగాలి. తడి మీదే ప్యాచ్ వేస్తే జారిపోతుంది, వేలికి అంటీ అంటనట్టు తగిలేదాకా ఓపిక పట్టాలి. మన అభ్యంతరమంతా ఈ అయిదు నిమిషాల మీదే. నిమిషానికో బిట్టు చొప్పున పెంచిన పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టి జిగురు ఎలా ఆరుతోందో చూడమంటే మానసికంగా తట్టుకోగలరా? పైగా ఇంత చేసి, టైరు లోపలివైపు వేళ్లతో తడిమి తుమ్మముల్లు తియ్యడం మరిచిపోతే, గేటు దాటకముందే మళ్లీ అదే చోట పంక్చర్. తొంభై తొమ్మిది శాతం సరిగ్గా చేసినా సున్నా వచ్చే పరీక్షను ఏ తల్లి ఒప్పుకుంటుంది?

ఎలక్ట్రికల్ సంగతి ఇంకా సున్నితమైనది. కరెంటు లేని బల్ల మీద మూడు పిన్నుల ప్లగ్గు బిగించడం నేర్పుతారట. గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రలు, ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్తు. తీగను స్క్రూ కింద గడియారం దిక్కునే చుట్టాలి, ఒక్క పోగు కూడా పక్కకు రాకూడదు. ఎర్తు తీగను మిగతా రెండింటికన్నా కొంచెం పొడుగ్గా వదలాలి, ఎవరైనా వైరు పట్టి లాగితే చివరగా ఊడేది అదే కావాలి. ఎర్తు పిన్ను పొడుగ్గా చేసిందీ ఇందుకే, అన్నిటికన్నా ముందు తగలాలి, చివరన విడవాలి. ఇంతవరకూ ఫరవాలేదు. ఆ తర్వాత వాట్లను 230తో భాగించడం నేర్పుతారు. వెయ్యి వాట్ల ఇస్త్రీపెట్టెకు నాలుగు ఆంపియర్ల పైచిలుకు, రెండు వేల వాట్ల గీజరుకు దాదాపు తొమ్మిది అని తేల్చుకున్న పిల్లవాడు అక్కడితో ఆగడు. స్టాఫ్ రూంలో 1,500 వాట్ల కెటిల్‌ను ఆరు ఆంపియర్ల సాకెట్లో ఎందుకు పెట్టారని అడుగుతాడు. పాఠశాల క్రమశిక్షణకు ఇంతకన్నా గొడ్డలిపెట్టు ఉంటుందా?

వంట ఎలక్టివ్ మగపిల్లలు కూడా తీసుకోవచ్చన్న వాక్యం ముసాయిదాలో అచ్చుతప్పే అయి ఉండాలి. దాని నష్టం అంతకన్నా లోతైనది. గ్లాసు కందిపప్పు అరగంట నానబెట్టి, మూడు గ్లాసుల నీళ్లు పోసి, నురగ పొంగకుండా చెంచాడు నూనె వేసి, కుక్కర్ సగానికి మించకుండా చూసుకోవాలి. బోరు నీళ్లయితే ఎన్ని కూతలు వేసినా పప్పు పలుకుగానే ఉంటుంది, నీళ్లలోని కాల్షియం గింజను అతికి ఉంచే పెక్టిన్‌ను పట్టి బిగిస్తుంది కాబట్టి. చింతపండు ముందే వేసినా ఉడకదు, ఆ పులుపు కూడా అడ్డం పడుతుంది. హార్డ్ వాటర్ గురించి పిల్లలు ఇప్పటికే నాలుగు పాయింట్లు, ఒక సమీకరణం బట్టీ పట్టి ఉన్నారు. అది తమ ఇంటి బోరులోనే ఉందని తెలిస్తే సిలబస్ మీద గౌరవం పోదూ!

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం తెలుగు పేపర్లో జాతీయంగా వస్తుంది, మార్కులు ఖాయం. కాలిన చెయ్యిని ధారగా పడే చల్లటి నీళ్ల కింద ఇరవై నిమిషాలు ఉంచాలన్నది ఏ పేపర్లోనూ రాదు. అందుకే టూత్‌పేస్టు రాస్తున్నాం.

ఇక గుండీ కుట్టడం. గుండీకీ బట్టకీ మధ్య అగ్గిపుల్ల పెట్టి కుట్టి, పుల్ల తీసేసి, ఆ సందులో దారం నాలుగు చుట్లు చుట్టి ముడెయ్యాలి. ఇంతే. ఇది ఎలక్టివ్ కాదు, అవమానం.

అయినా పైనుంచి ఆదేశం వస్తే కాదనలేం కదా. కాబట్టి రాజీ మార్గం ఒకటి. చేతిపనిని చేతికి తగలకుండా బోధించాలి. అమీర్‌పేటలో గది దొరకడం కష్టమేమీ కాదు. మాదిరి ప్రశ్న: ‘తెల్ల టేపు ఎన్ని చుట్లు చుట్టవలెను?’ నాలుగు జవాబులు, తప్పుకు పావు మార్కు కోత. మోడళ్లు కోఠి గుజరాతీ గల్లీలో సామాను తెచ్చి నాన్నలు చేస్తారు, రికార్డు అమ్మలు రాస్తారు, పిల్లల మీద భారం పడదు. ఎలక్టివ్ ఎంపికను తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుకు వదిలేస్తే అందరూ రోబోటిక్స్ తీసుకుంటారు, స్వేచ్ఛకు భంగం కలగదు.

ఒక్క చిన్న ఏర్పాటు మాత్రం తప్పనిసరి. పరీక్ష జరిగే గది పక్కన బాత్రూం నల్లా కారుతుంటే ఆ చప్పుడుకు పిల్లల ఏకాగ్రత చెడుతుంది. దాని కింద బకెట్టు పెట్టించాలి. నిండినప్పుడల్లా పారబోయడానికి ఒక మనిషిని తీసుకోవాలి. అర్హత: నల్లా రిపేరింగ్ ఎలక్టివ్‌లో ఎ ప్లస్ గ్రేడు.